ఇరవై చెట్లు ఆగిన ఏడాది

ఇవాకిరి ఫుసయే గారు ఆ సున్న దగ్గరికి వచ్చేసరికి టీ కప్పు పక్కన పెట్టి, కుర్చీలో కాస్త ముందుకు జరిగారు. అంతవరకూ తన చదువు గురించీ, ఉద్యోగం గురించీ ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పిన మనిషి గొంతు అక్కడ మారింది. తర్వాత రికార్డు వింటున్నప్పుడు కూడా ఆ మార్పు నాకు తెలిసింది.

"పందొమ్మిది వందల ఎనభై ఆరు. ఇరవై చెట్లు. ఒక్కదానికి ఒక్క గింజ లేదు. నా పనంతా ఆ ఒక్క వరస మీద నిలబడింది, కుసానో. అది తీసేస్తే నా దగ్గర చెప్పుకోడానికేం లేదు."

గణితంతో జీవశాస్త్రం చేసేవాళ్ళకు ఒక సంఘం ఉంది. ఆ సంఘం ఏడాదికి మూడుసార్లు వేసే చిన్న పత్రికలో పెద్దవాళ్ళతో ముచ్చట్లు వస్తాయి. కుసానో గారు వెళ్ళి అడుగుతారు, నేను రికార్డు విని కాగితం మీద పెడతాను. నా చదువు సాహిత్యం, అందులోనూ పాత చేతిరాతలు. లెక్కలు నాకు రావు. రాకపోవడమే మంచిదని కుసానో గారి అభిప్రాయం. వచ్చినవాళ్ళను కూర్చోబెడితే పెద్దాయన బాల్యం గురించి చెబుతుంటే మధ్యలో ఆపి సమీకరణం సరిచేస్తారట.

ఫుసయే గారికి డెబ్భై ఒకటి. ఫుకువోకాలో ఒకే శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, ప్రొఫెసర్ కాకుండానే రిటైరయ్యారు. కుసానో గారు ఒకప్పుడు ఆమె విద్యార్థి, ఇప్పటికీ ఆమెను సెన్సే, అంటే గురువుగారూ, అనే పిలుస్తారు. క్లాసులో నిద్రపోయేవాడివని ఆ రోజు మూడుసార్లు గుర్తుచేశారు. మీ గొంతు అంత హాయిగా ఉండేది సెన్సే అని ఆయన తప్పించుకున్నారు.

ఆ సున్న కథ ఆమె చెప్పినట్టే చెబుతాను. బునా అనే కొండ అడవి చెట్టు ఏటా కాయదు. కొన్నేళ్ళు ఊరుకుంటుంది, ఒక ఏడు మాత్రం కొండ మీది బునాలన్నీ ఒక్కసారి కాస్తాయి. మూడంచుల చిన్న గింజలు. నేల మీద అడుగు పెడితే చాలు, కాలి కింద పటపటమంటాయి. చెట్లకు నోరు లేదు, కేలండరు లేదు, మరి అన్నీ కలిసి ఎలా ఆగుతాయి, అన్నీ కలిసి ఎలా కాస్తాయి? ఈ ప్రశ్న పట్టుకుని 1978లో ఒక బడిపంతులు యూనివర్సిటీకి వచ్చాడు. పేరు హిదాకా మసనోరి. మియజాకి ఎగువ కొండల్లో ఒక చిన్న ఊరి ప్రాథమిక పాఠశాలలో పని. ఆదివారాలు కొండెక్కి, ఇరవై బునా చెట్లకు అల్యూమినియం రేకుల మీద నంబర్లు కొట్టి, వాటి కింద వలలు కట్టి, రాలిన గింజలు లెక్కపెట్టేవాడు. అందరికీ తెరిచిన ఉపన్యాసాల రోజున బిస్కెట్ల డబ్బా నిండా గింజలు తెచ్చి, వేదిక దిగి వస్తున్న ఫుసయే గారి చేతిలో పెట్టాడు. ఆమెకు అప్పుడు ముప్పై ఏళ్ళు.

స్టేషను పక్కన నూడుల్స్ కొట్లో ఆయన తింటుంటే ఆమె తినే పుల్లలు పెట్టిచ్చిన కాగితం కవరు వెనక జవాబు రాశారు. చెట్టు ఒక కుండ. ఎండా వానా ఏటా అందులో కొంత పోస్తాయి. నిండిన ఏడు పొర్లుతుంది, అదే కాపు. పొర్లాక ఖాళీ అయి మళ్ళీ మొదలు. పక్క చెట్టు పూస్తే తప్ప దీనికి పుప్పొడి అందదు కనుక మెల్లగా అన్ని కుండలూ ఒకే తాళానికి వస్తాయి.

"అంత తేలికా?" అన్నారట హిదాకా గారు.

"తేలికగా ఉందంటే తప్పయినా అయ్యుండాలి, నిజమైనా అయ్యుండాలి," అన్నారట ఈమె. ఆయన నవ్వి, ఆ కవరును మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారట.

మరుసటి ఏడాది నుంచి ఏటా నవంబరు చివర ఒక పోస్టుకార్డు వచ్చేది. అయిదేసి అంకెలు నాలుగు వరసలు. కింద సంతకం బదులు ఎర్రటి ముద్ర. అంతే. బాగున్నారా అన్న మాట కూడా ఉండేది కాదు. అంకెల్లోంచే ఆమె చెట్లను ఎరిగారు. ఏడో చెట్టు చేయి పెద్దది. పద్నాలుగు పిసినారి. మూడు అలిగే రకం, అందరూ కాశాక ఒక ఏడు ఆలస్యంగా కాస్తుంది. ఆ కొండను మాత్రం ఆమె చూడలేదు. అడవిలో పనిచేసేవాళ్ళు లెక్కలవాళ్ళను కుర్చీ అడవివాళ్ళని ఎగతాళి చేస్తారట. మా వాళ్ళు చెట్టు కనిపిస్తే దారి తప్పుతారని ఆమే ఒప్పుకున్నారు.

ఏడేళ్ళ కార్డులకూ కుండ లెక్క సరిపోయింది. ఎనిమిదో ఏడు, 1986లో, కుండలు నిండి పొర్లాలి. ఫైలు చూస్తే ఇరవై సున్నలు.

ఆ సున్నల కోసం ఆమె కుండ లెక్కను పారేశారు. నిండినా పొర్లకుండా చెట్లు కావాలనే ఒక ఏడు ఆగుతాయనీ, గింజలు తినే పురుగులు ఆకలికి చచ్చేదాకా ఊరుకుని ఆ తర్వాత కాస్తాయనీ కొత్త లెక్క కట్టారు. దానికి పదకొండేళ్ళు పట్టింది. లోకాన్ని తలకిందులు చేసిన పని కాదు, కానీ బునాల గురించి రాసేవాళ్ళు తలచుకునే పని. ఒక సభలో అడవి శాస్త్రవేత్త ఒకాయన లేచి, "ఇరవై చెట్లూ సున్నానా అమ్మా? నా బట్టతల మీదే మూడు వెంట్రుకలున్నాయి," అన్నాడట. సభంతా నవ్వింది. "మీ తల కావాలని ఆగలేదు, నా చెట్లు ఆగాయి," అని ఈమె కూర్చున్నారట.

కుసానో గారు అదే అడిగారు. "మరి మాస్టారిని అడగలేదా, సెన్సే? నిజంగానే ఒక్క గింజ కూడా లేదా అని?"

రికార్డులో అక్కడ కిటికీ బయట బస్సు వెళ్ళిన చప్పుడుంది. తర్వాత ఫుసయే గారు, "అడగలేదు," అన్నారు. టీ చల్లారిందని లేచారు.

కుసానో గారు వెళ్ళిపోయాక ఫుసయే గారు కార్డుల పెట్టె నా ముందు పెట్టారు. పత్రికలో ఒక కార్డు ఫొటో వేస్తారుగా, ఏళ్ళవారీగా సర్దిపెట్టమన్నారు. రికార్డు ఆపమన్నారు. ఆపాను. అప్పుడు చెప్పారు.

వాళ్ళిద్దరూ కలిసింది మొత్తం నాలుగుసార్లు. నాలుగోసారి 1986 జూన్. ఆయన పనిమీద ఫుకువోకా వచ్చి, స్టేషనులో రైలెక్కబోతూ, ఈ ఏడు వలలు దింపేటప్పుడు మీరూ వస్తే బాగుంటుంది అన్నారు. అక్టోబరు మూడో ఆదివారం వస్తానన్నారు ఈమె. ఏ బస్సు అని అడిగారు ఆయన. ఉదయం బస్సు, అది తప్పితే మధ్యాహ్నం బస్సు అని చెప్పుకున్నారు. సెప్టెంబరులో దేశం ఉత్తర కొసన ఉన్న సప్పోరో నుంచి కబురు వచ్చింది. అక్కడ ఒకాయన జబ్బుపడి రెండేళ్ళ ఉద్యోగం ఖాళీ అయింది, అక్టోబరు ఒకటికల్లా చేరాలి. ఆడవాళ్ళకు అలాంటివి రాని రోజులు. పదిరోజుల్లో సర్దుకుని వెళ్ళిపోయారు.

"ఉత్తరం రాద్దామనుకున్నానమ్మాయ్. ఏం రాయాలో తెలీలేదు. రాలేనని రాస్తే అది ఒక్క ఆదివారం సంగతి కాదని ఇద్దరికీ తెలుసు. రేపు రాద్దాం, రేపు రాద్దాం అని ఆ ఆదివారం దాటిపోయింది. కొత్త సంవత్సరం కార్డు మీద కొత్త అడ్రసు రాసి పంపాను. జవాబు రాలేదు. తర్వాత అంకెలు మళ్ళీ మామూలే, ఎప్పట్లా యూనివర్సిటీకే."

"ఆయన కోప్పడ్డారంటారా?"

"అంకెలకు కోపం ఉండదుగా. ఏటా నవంబరులో కార్డు తిప్పి చూసేదాన్ని, వెనకాల ఒక్క మాటైనా ఉంటుందేమోనని. పదిహేనేళ్ళు చూశాను. ఆ సున్న గురించి అడగాలంటే ఆ ఏడు గురించి మాట్లాడాలి. అందుకని అడగలేదు."

2003 వసంతంలో హిదాకా గారి మేనల్లుడు కార్డు రాశాడు, మామయ్య పోయారని. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఈమె కూడా చేసుకోలేదు. ఈ రెండు మాటలూ ఆమె పక్కపక్కన చెప్పలేదు, నేనే ఇక్కడ పక్కపక్కన పెట్టాను.

పెట్టె ఇంటికి తెచ్చుకుని, ఒక ఆదివారం మధ్యాహ్నం చాప మీద కార్డులు పరిచాను. 1979 నుంచి 2002 దాకా ఇరవై నాలుగు ఉండాలి. ఇరవై రెండే ఉన్నాయి. సప్పోరోలో ఉన్న రెండేళ్ళ కార్డులు ఆఫీసులోనే టైపు చేసి పారేశారేమోనని ఆమె ముందే చెప్పారు. కానీ పెట్టె అడుగున శాఖ ముద్ర ఉన్న గోధుమరంగు కవరు ఒకటుంది. ఆమె రిటైరైనప్పుడు ఆఫీసు బల్ల సొరుగు ఖాళీచేసి అక్కడివాళ్ళు అందులో పోసిచ్చిన కాగితాలు, ఆమె తెరిచినట్టు లేదు. గ్రంథాలయం నోటీసులు, గొడుగు పోయిందన్న ఒక చీటీ, వాటి మధ్య రెండు పోస్టుకార్డులు. ఒకదాని మీద అంకెలున్నాయి, 1987. రెండోదాని మీద అంకెలు లేవు. కుంచె కలంతో, గొలుసుకట్టు రాతలో, నాలుగు పంక్తులున్నాయి. పాత చేతిరాతలు చదవడమే నా చదువు కనుక నాకు కష్టం కాలేదు.

"మూడో ఆదివారం ఉదయం బస్సూ, మధ్యాహ్నం బస్సూ చూశాను. ఆ రోజు కొండెక్కలేదు. ఈ ఏడు కాపు బాగుంది, కింద నుంచే తెలుస్తోంది. వలలు దింపకుండా అలాగే ఉంచాను. మంచు పడేలోగా ఏ రోజైనా సరే, మీరు వస్తే ఇద్దరం కలిసి లెక్కపెడదాం."

నేను మూడుసార్లు చదివాను. కార్డును మళ్ళీ కవర్లో పెట్టాను. తీశాను.

నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే ఆ సున్న ఉంటుంది, ఆమె పదకొండేళ్ళ పని ఉంటుంది, పత్రికలో ఆమె ముచ్చట్లు అచ్చవుతాయి. చెబితే ఏది పోతుందో ఆమే రికార్డులో చెప్పారు. కానీ పదిహేనేళ్ళు కార్డు వెనక వెతికిన మాట నా దగ్గర ఉంది. అది నాది కాదు. అయిదో రోజు ఆమె ఇంటికి వెళ్ళి, ఇది పెట్టెలో దొరికిందని మాత్రం చెప్పి బల్ల మీద పెట్టాను.

ఆమె కళ్ళద్దాలు మార్చుకున్నారు. చాలాసేపు చదివారు. ఆ రాత తనకు రాదేమోనని నేను చదివి వినిపించబోతే చేయి ఎత్తి వద్దన్నారు. తర్వాత మొదట మాట్లాడింది దాని గురించి కాదు.

"మైనస్ తొంభై తొమ్మిది," అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా, క్లాసులో చెప్పినట్టు చెప్పారు. ఆ రోజుల్లో వాళ్ళు వాడే కంప్యూటరు భాష ఖాళీ గడిని సున్నగా చదివేది. చూడనిది వేరు, చూసి ఏమీ లేదని తెలుసుకున్నది వేరు. కనుక లెక్క అందనిచోట ఖాళీ వదలకూడదు, మైనస్ తొంభై తొమ్మిది కొట్టాలి. అలాంటి లెక్క లోకంలో ఉండదు కాబట్టి తర్వాత దాన్ని పక్కన పెట్టొచ్చు. ప్రతి ఏప్రిల్లో కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమె చెప్పే మొదటి పాఠం అదే. ఆ సెప్టెంబరులో హడావుడిగా సప్పోరో వెళుతూ, ఇక మీద కార్డులు మీరే టైపు చేయండని ఆఫీసు అమ్మాయికి అప్పగించారు. ఈ సంగతి చెప్పడం మర్చిపోయారు. కార్డు వచ్చింది. అందులో అంకెలు లేవు. ఆ అమ్మాయి ఒళ్ళు దగ్గర పెట్టుకుని, ఉన్నది ఉన్నట్టు, వరసంతా ఖాళీ వదిలింది.

"ఆవిడ తప్పేం లేదు. అంకెలు లేకపోతే ఎక్కడ నుంచి తెస్తుంది?" అని ఫుసయే గారు కార్డును తిప్పారు. ఎనభై ఆరు నవంబరు తపాలా ముద్ర చూశారు. "ఒక్కసారి ఆయన మాట రాశాడు. నా యంత్రం సున్న అని చదివింది."

ఆమె ఏడవలేదు. టీ పెడతానని లేచి వంటగదిలోకి వెళ్ళి, నీళ్ళు కాగి విజిల్ వేస్తున్నా చాలాసేపు స్టవ్ ఆపలేదు. నేను వెళ్ళి ఆపాను. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. ఏదో మాటవరసకన్నట్టు, "ఆ ఏడు మంచు ఎప్పుడు పడిందో తెలుసుకోవచ్చా?" అని అడిగారు. వాతావరణ శాఖ రికార్డుల్లో ఉంటుందన్నాను. వారం తర్వాత ఫోను చేసి చెప్పాను, డిసెంబరు పదిహేడు అని. మూడో ఆదివారం నుంచి లెక్కపెట్టారేమో, యాభై తొమ్మిది రోజులు అన్నారు.

సంగతి ఆమే చెప్పాక కుసానో గారు పాత ఫైలు తెప్పించి, ఆ వరస తీసేసి లెక్క మళ్ళీ నడిపారు. నూడుల్స్ కొట్లో రాసిన కుండ లెక్క ఇరవై మూడేళ్ళకూ చక్కగా సరిపోయింది. చెట్లు కావాలని ఆగనవసరం లేదు. అయినా ఆయన ఆమెతో, ఇరవై ఏళ్ళనాటి వ్యాసం, ఇప్పుడు దిద్దకపోతే ఎవరికీ నష్టం లేదు, ముచ్చట్లలో ఆ ముక్క తీసేస్తే సరిపోతుందని మెల్లగా నచ్చజెప్పబోయారు.

"కుసానో, నిద్రపోతున్నావా?"

"లేదు, సెన్సే."

"అయితే రాసుకో. దిద్దుబాటు వేయాలి. నా పేరు మీద."

ఆ వ్యాసం అచ్చయిన పత్రికకు పంపే దిద్దుబాటులో లెక్క ఎందుకు లేదో కారణం రాయాలి. పరిశీలన జరగలేదు అని కుసానో గారు రాశారు. ఆమె అది కొట్టేశారు. పరిశీలకుడు వచ్చాడు, వలలు కట్టి ఉన్నాయి, కాపు బాగుంది, జరగలేదంటే ఆయన తప్పినట్టు ఉంటుందన్నారు. పెన్సిలుతో ఒక వాక్యం రాసిచ్చారు. అలాంటిది ఎవరూ వేయరని కుసానో గారికీ, వేస్తారని ఆమెకూ కాసేపు వాదన అయింది. చివరకు అదే అచ్చయింది: 1986 వరసలోని ఇరవై సున్నలనూ లెక్క అందనివిగా చదువుకోవాలి, ఆ ఏడు గింజలు రాలాయి, లెక్కించలేదు, కారణం ఈ వ్యాసకర్త రాకపోవడం.

మా పత్రికలో ముచ్చట్లు కూడా అచ్చయ్యాయి. కార్డు ఫొటో వేయలేదు.

ఆ శరదృతువులో ఆమె నన్ను తోడు రమ్మన్నారు. అక్టోబరు మూడో ఆదివారమేనా అని అడగలేకపోయాను. నేను అడగకపోయినా తనే, ఆదివారం కాదు, రెండో మంగళవారం అన్నారు. ఆదివారాలు కొండ మీద జనం ఉంటారట. మియజాకి నుంచి రైలు, తర్వాత బస్సు. మేనల్లుడు ఫోనులో దారి చెప్పాడు. మామయ్య పోయాక ఎవరూ అటు వెళ్ళలేదు, వలలు ఎప్పుడో చివికిపోయి ఉంటాయి, రేకులు మాత్రం ఉండొచ్చన్నాడు. ఆమె మోకాళ్ళు బాగాలేవు. పది అడుగులు, ఆగడం, మళ్ళీ పది అడుగులు. నా చేయి పట్టుకోమన్నాను. పట్టుకోలేదు.

మొదట కనిపించింది పదకొండు. రేకును బెరడు సగం మింగేసింది, రెండు ఒకట్ల తలలు మాత్రం బయట ఉన్నాయి. ఫుసయే గారు టోపీ తీసి, చేతులు పక్కన ఆనించి, ఎవరింటికో మొదటిసారి వెళ్ళినట్టు నడుము వంచి నమస్కరించారు.

"ఇవాకిరిని," అన్నారు. "ఆలస్యమైంది."

తర్వాత మిగతావాటిని వెతకడం మొదలుపెట్టాం. నేను ముందు పరిగెత్తి బెరడు తడిమి నంబరు అరిచేదాన్ని, ఆమె వెనక నుంచి, "తొమ్మిదా? అయితే ఎనిమిది దానికి కిందుండాలి, ఎప్పుడూ దీని పుప్పొడే దానికి," అనేవారు. ఎనిమిది నిజంగానే కింద ఉంది. ఏడు కూలిపోయి, నాచుపట్టి, అడ్డంగా పడి ఉంది. దాని మీద చేయి ఆనించి కాసేపు కూర్చున్నారు. పిసినారి పద్నాలుగు అన్నిటికన్నా లావుగా, పచ్చగా ఉంది. "చూశావా దీన్ని. తిండి అంతా తనే తింది," అన్నారు. అది కాపు ఏడు కాదు. అయినా దాని వేళ్ళ మధ్య మూడు గింజలు దొరికాయి. ఆమె వాటిని అరచేతిలో తిప్పి చూసి, దొరికినచోటే పెట్టేశారు.

మధ్యాహ్నానికి పదిహేడు దొరికాయి. పొగమంచు దిగుతోంది. కిందికి చివరి బస్సు నాలుగుంపావుకు, దిగడానికి గంటన్నర పడుతుంది, ఇక బయల్దేరాలన్నాను. ఆమె వాచీ చూడలేదు. పైకి, చెట్లు మసకబారుతున్న వాలు వైపు చూస్తున్నారు. ఒకటీ, మూడూ, ఇరవై ఇంకా కనబడలేదు.

"మూడు ఎప్పుడూ ఆలస్యమే," అన్నారు. "ఇంకాసేపు చూద్దామా?"

బస్సు పోతే ఊళ్ళో ఉండడానికి చోటు ఉందో లేదో నాకు తెలియదు. చూద్దామన్నాను. ఆమె ఈసారి నా చేయి పట్టుకున్నారు.